మామ్మ ఘోషా ఫోన్

"నాకో ఘోషా ఫోన్ కొనిపెట్టవే," అంది మా మామ్మ.

నేను అప్పుడే కాలేజీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. భీమవరంలో ఇంజినీరింగ్ పిల్లలకి పొద్దుట్నించీ కంప్యూటర్ పాఠాలు చెప్పి, వాళ్ళు వినకపోతే అరిచి, గొంతు బొంగురుపోయి, ఒక్క గుక్క కాఫీ పడితే చాలురా దేవుడా అనుకుంటూ వచ్చాను. అలాంటి మనిషికి గుమ్మంలోనే ఎదురొచ్చిన కోరిక ఇది.

"అలాంటివి అమ్మరు మామ్మా. కాస్త లోపలికి రానీ."

"ఎందుకమ్మరూ? ఈ రోజుల్లో అమ్మనిదేముంది? ఇలా రా, నెమ్మదిగా మాట్లాడు. మీ నాన్న ఇవాళ ఇంకా రొయ్యల చెరువుల మీదకి వెళ్ళలేదు, హాల్లోనే ఉన్నాడు."

చెయ్యి పట్టుకుని తన గదిలోకి లాక్కెళ్ళి, గుమ్మానికున్న తెర వేసేసింది. మా ఇంట్లో అందరి గదులకీ తలుపులున్నాయి, మామ్మ గదికి మాత్రం తలుపు ఉన్నా లేనట్టే. ఆవిడకి తెరే కావాలి. ముదురాకుపచ్చ రంగు తెర, పక్కనే దాన్ని లాగే తాడు. దుమ్ము పట్టేస్తోంది, తీసేద్దామని ఎన్నిసార్లు పోట్లాడినా ఒప్పుకోలేదు.

తెర వెనక్కి వెళ్ళాక గానీ సంగతి చెప్పలేదు. మధ్యాహ్నం నాన్నగారు భోంచేసి వాలుకుర్చీలో కూర్చున్నారట. ఎదురుగా మామ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోందట. బల్ల మీదున్న ఆవిడ ఫోన్ ఎవరూ ముట్టుకోకుండానే టింగుమని వెలిగిందట. స్క్రీన్ నిండా మూతి చుట్టూ పెరుగన్నం పూసుకుని నవ్వుతున్న పండు మొహం. కింద 'మీ అందమైన క్షణాలు, మళ్ళీ చూడండి' అని రాసి ఉందట. మామ్మ చిక్కుడుకాయల పళ్ళెం ఎత్తి దాని మీద బోర్లించేసింది.

"ఆ ఫోటో నేను చెరిపేశానే సత్యా. వచ్చిన రోజే, తనివితీరా చూసుకుని, నువ్వు నేర్పినట్టే నా చేత్తో చెరిపేశాను. మళ్ళీ ఎక్కణ్ణించి వచ్చిందది? అంటే ఇందులో నేను కాక ఇంకెవరో ఉన్నారు. నాకొద్దీ ఫోను. ఘోషా ఉన్నది తెచ్చిపెట్టు."

పండు మా అక్క కూతురు. ఇంకా ఏడాది నిండలేదు. మా అక్క పేరు కీర్తిప్రియ. ఆ పేరు మా ఇంట్లో అనకూడదు.

అక్క చేసిన నేరం పెళ్ళి చేసుకోవడం. మేము రాజులం, అతను కాదు. అది తప్ప ప్రసన్నకుమార్‌లో వంక పెట్టడానికి ఏమీ లేదు. ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో ఇంజినీరు, మాట నెమ్మది. నాన్నగారు ఒప్పుకోరని తెలిసి ఇద్దరూ కోరుకొండ నరసింహస్వామి కొండెక్కి దండలు మార్చుకున్నారు. మా ఇలవేల్పు ఆయనే. లక్ష్మీనరసమ్మ అని మామ్మకి పెట్టింది కూడా ఆయన పేరే. "మన స్వామి దగ్గరే చేసుకుందిగా అబ్బాయీ, పరాయి చోట కాదుగా," అని మామ్మ బతిమాలినా లాభం లేకపోయింది. మా నాన్న శ్రీరామరాజు గారు అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది, మేమూ తిరిగి అరిచేవాళ్ళం. "ఈ ఇంట్లో ఆ పేరు మళ్ళీ వినపడకూడదండి," అని ఒక్క మాట అని, గోడ మీద అక్క ఫోటో దించేసి, చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

అక్క ఏ దూరదేశమో వెళ్ళిపోయి ఉంటే సరే అనుకుందుము. ఉన్నది ధవళేశ్వరంలో. పొద్దున బయల్దేరితే భోజనాల వేళకి దాని గుమ్మంలో ఉండొచ్చు. అక్కడ ఆనకట్ట దగ్గర వదిలిన గోదారి నీళ్ళే తిరిగి తిరిగి మా పెరటి వెనక కాలవలోకి వస్తాయి. మామ్మ పొద్దున్నే రేవులోకి దిగి ఆ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని చూస్తూ నిలబడేది. సూర్యుడికి దండం పెడుతోందనుకునేదాన్ని. "ఇవి దాని ఊరి నుంచి వచ్చినవేగా," అని ఒకరోజు తనే అంది.

మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. అక్కనీ నన్నూ పెంచింది మామ్మే. నా తల నేనే దువ్వుకునేదాన్ని, ఎవరైనా ముట్టుకుంటే నాకు చిరాకు. అక్క మాత్రం ఉద్యోగంలో చేరాక కూడా మామ్మ ముందు పీట వేసుకుని కూర్చునేది. ఇప్పుడు మామ్మకి ఒక కన్ను నీటికాసులు వచ్చి పోయింది. రెండోది ఎన్నాళ్ళుంటుందో డాక్టరు గారు కూడా తేల్చి చెప్పలేకపోయారు. ఉన్న కాస్త చూపూ పండుకోసం దాచుకోవాలని ఆవిడ టీవీ చూడటం మానేసింది.

నాన్నగారు చెరువుల మీదకి వెళ్ళాక, మధ్యాహ్నం వేళ అక్క మామ్మకి ఫోటోలు పంపేది, వీడియో కాల్ చేసేది. చూసినవి చూసినట్టు చెరిపెయ్యడం నేర్పింది నేనే. నాన్నగారికి తెలిస్తే అరవరు, ఆ ఫోన్ తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. ఇక మామ్మకి పండూ ఉండదు, అక్కా ఉండదు.

ఘోషా అంటే ఇప్పటి పిల్లలకి తెలియదు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడకుండా తెరచాటున బతికేవారు. మామ్మ కాపురానికి వచ్చింది కూడా గూడుబండిలో, ముందూ వెనకా తెరలు కట్టుకుని. ఆ కబుర్లు వింటే నాకు ఒళ్ళు మండేది. అలాంటి ఘోషా మళ్ళీ కావాలని ఆవిడే అడుగుతుంటే ఊరుకోలేకపోయాను.

"సిగ్గులేదా మామ్మా? జీవితమంతా తెర వెనక మగ్గింది చాల్లేదా?"

"ఘోషా మంచిదని నేనన్నానేంటే? ఆ తెర కట్టింది మగాళ్ళు. కానీ కట్టాక తాడు మా చేతిలో ఉండేది. మేము లోపల్నించి అందర్నీ చూసేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఇంట్లో మగాడైనా సరే, లోపలికి రావాలంటే తెర బయట నిలబడి దగ్గాల్సిందే. మీ తాతయ్య గారు కూడా దగ్గేవారు. ఈ మాయదారి ఫోను దగ్గకుండా లోపలికొచ్చేస్తోంది!"

ఫోన్ తీసుకుని సెట్టింగ్స్ తెరిచాను. ఇందులో అకౌంటు ఎవరిదా అని చూస్తే, పైన గుండ్రటి బొమ్మలో మీసాలు కనిపించాయి. మా నాన్నగారు.

మా ఇంట్లో పొలం, చెరువులు, గ్యాసు, కరెంటు మీటరు అన్నీ నాన్నగారి పేరు మీదే ఉంటాయి. మొదటి స్మార్ట్‌ఫోన్ కొన్నప్పుడు, ఇంటికొక మెయిల్ చాలదా అన్నట్టు, అదీ ఆయన పేరు మీదే తీశారు. ఆయన కొత్త ఫోన్ కొన్నప్పుడల్లా పాతది తుడిచి మామ్మకి ఇస్తారు. పైన తుడుస్తారు గానీ లోపల ఎవరు తుడుస్తారు? పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పే నేను కూడా ఆ సంగతి చూడలేదు. అక్క పంపిన ప్రతి ఫోటో మామ్మ చెరిపేలోగానే ఆ అకౌంటులోకి ఎక్కిపోయింది. అకౌంటులో ఉన్నదేదైనా నాన్నగారి జేబులో ఉన్నట్టే.

"మీ నాన్న చూశాడంటావా?" అంది మామ్మ.

ఆలోచించాను. నాన్నగారు ఫోన్ తీసేది రొయ్యల రేటు కోసం, వాన వస్తుందా లేదా అని చూసుకోవడం కోసం. లేదంటే అరచేతిలో రొయ్య పెట్టుకుని ఫోటో తీసి కొనేవాళ్ళకి పంపడం కోసం. గ్యాలరీలో వెనక్కి వెళ్ళి చూసే ఓపిక ఆయనకి లేదు. చూసి ఉంటే ఈపాటికి ఈ ఫోన్ బీరువాలో ఉండేది.

"చూడలేదు. చూసి ఉంటే మనం ఇలా మాట్లాడుకునేవాళ్ళం కాదు."

అకౌంటు తీసేస్తానన్నాను. మామ్మ వద్దంది. ఒకసారి తెర చిరిగిన బండి మళ్ళీ ఎక్కనంది. ఎక్కిపోయిన ఫోటోలు చెరుపుదామా అంటే నాకే భయం వేసింది. ఇన్నాళ్ళూ అటు చూడని మనిషి, ఏదో కదిలినట్టనిపిస్తే చూస్తాడు. వాటిని అలాగే వదిలేశాను.

మామ్మకి కొత్త ఫోన్ తీసుకుంటున్నానని ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. చూపు ఆనట్లేదని సాకు. నాన్నగారు ముద్ద కలుపుతూ ఆగారు.

"ఆ ఫోనుకేమైందమ్మా? బానే ఉందిగా."

"అక్షరాలు కనపడట్లేదంటండి."

"అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చు. గణేష్‌బాబు గారి షాపుకి పంపిస్తాను, ఆయన చేసేస్తారు."

"స్క్రీన్ కూడా చిన్నదండి నాన్నగారూ."

"పోనీ నాదివ్వనా? నాది పెద్దదేగా. నేనే కొత్తది తీసుకుంటాను."

వద్దన్నాను. మజ్జిగ పోసుకున్నాక మళ్ళీ అడిగారు. ఆయనకి అనుమానం తగిలిందేమోనని మామ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. చివరికి నా జీతంతో నేను కొంటానంటే కాదనలేకపోయారు.

గణేష్‌బాబు గారి షాపుకి మామ్మ తనే వస్తానంది. తల మీదకి కొంగు లాక్కుని, కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినట్టు కౌంటరు ముందు కుర్చీలో కూర్చుంది.

"రండి మామ్మగారండీ! కబురు చేస్తే ఇంటికే పంపుదును కదండీ," అని గణేష్‌బాబు గారు ఫోన్లన్నీ వరసగా పరిచారు. "ఈ కెమెరా చూడండి. చందమామలో కుందేలు కూడా కనపడిపోద్దండి ఆయ్!"

"చందమామ నాకెందుకు నాయనా? నేను చెరిపింది చెరిపినట్టే ఉంటుందా?"

ఆయన నా వంక చూశారు. నేను గోడ మీద పోస్టరు వంక చూశాను.

"ఇదిగోనండి, ఐఫోను. దీంట్లోకి ఎవరూ దూరలేరండి. మీ మొహం చూస్తే గానీ తెరుచుకోదు."

"తాడు ఎవరి చేతిలో ఉంటుంది?"

"తాడేంటండీ?"

ఇక నాకు తప్పలేదు. "ఇది గట్టి ఇల్లు మామ్మా. దొంగలు రాలేరు. కాకపోతే ఏ గది ఎక్కడుండాలో, ఏ సామాను లోపలికి రావచ్చో అంతా కంపెనీ వాళ్ళు చెప్పినట్టే. మనం వాళ్ళ మాట వినుకుని ఉండాలి."

"అంటే మా అత్తవారిల్లు," అంది మామ్మ. "కాపురం చేసి వచ్చాను. రెండోది చెప్పు."

"ఇది ఆండ్రాయిడ్. నీ దగ్గరున్నలాంటిదే. ఇందులో మన ఇష్టానికి మార్చుకునేవి చాలా ఉంటాయి. కానీ అన్నీ బార్లా తెరిచి చేతికిస్తారు. ఎక్కడెక్కడ తెరిచి ఉన్నాయో వెతుక్కుని మనమే మూసుకోవాలి."

"ఈ ఒంటికన్నుతోనా? అన్నీ మూసిపెట్టి ఇచ్చి, కావాల్సింది నన్ను తెరుచుకోమనేది లేదా?"

ఉంది. చెప్పాలా వద్దా అని నాలో నేనే కాసేపు కొట్టుకున్నాను. ఏ కంపెనీ అకౌంటూ అక్కర్లేకుండా నడిచే సిస్టమ్ ఒకటుంది. ఇలాంటి గొడవ పడనివాళ్ళు కొందరు కూడి తయారుచేసి, ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోండని పెట్టారు. కొన్ని రకాల ఫోన్లలోనే నడుస్తుంది, మనమే ఎక్కించుకోవాలి. అందులో మన ఫోటోలు ఎక్కడో దాచిపెట్టేవాళ్ళు ఉండరు, అందమైన క్షణాలంటూ గుర్తుచేసేవాళ్ళూ ఉండరు. కానీ పిన్ను మర్చిపోతే దేవుడు దిగొచ్చినా తెరవలేడు. ఫోన్ కాలవలో పడితే అందులోవన్నీ దాంతోనే పోతాయి. ఇదంతా మామ్మకి చెప్పాను.

"పండు ఫోటోలు కూడా పోతాయా?"

"పోతాయి."

మామ్మ కొంగు సర్దుకుంది.

"పోతే పోనీలే. ఉన్నన్నాళ్ళూ నావి అయితే చాలు. ఇప్పుడైతే ఉన్నాయన్న మాటే గానీ ఎవరివో తెలియదు."

"దానికి వారంటీ రాదండి మామ్మగారూ," అన్నారు గణేష్‌బాబు గారు దిగులుగా.

"నాకు మాత్రం ఉందేంటి నాయనా?"

ఆదివారం కూర్చుని ఆ సిస్టమ్ ఎక్కించాను, వాట్సాప్ పెట్టాను, అక్షరాలు పెద్దవి చేశాను. పిన్ను పెట్టుకోమంటే మామ్మ నన్ను అటు తిరగమంది. నాకు కూడా చెప్పలేదు. పాత ఫోన్లో వాట్సాప్ తీసేసి పక్కన పడేస్తే, నాన్నగారు వచ్చి అడిగి తీసుకెళ్ళారు. చెరువు దగ్గర పనికొస్తుందన్నారు. కానీ అది చెరువుకి వెళ్ళలేదు. ఆయన మంచం పక్కన ఛార్జింగులోనే ఉండేది. ఆయన పద్ధతులు ఆయనవి అని నేను పట్టించుకోలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మామ్మ మొహంలో వెలుగు చూశాను. ఇప్పుడు చెరపక్కర్లేదు. తెర వేసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, ఒక్కో ఫోటో గంటలు గంటలు చూసుకునేది. ఒకసారి గదిలోకి వెళ్తే ఫోన్ ఒళ్ళో పెట్టుకుని వేలితో ఏదో చేస్తోంది. పండు నుదుటి మీద జుట్టు పడి ఉన్న ఫోటో అది. మామ్మ వేలితో ఆ జుట్టు పక్కకి తీస్తోంది. తీసినప్పుడల్లా ఫోటో జరిగిపోయి ఇంకోటి వస్తోంది.

"దువ్వుదామంటే జరిగిపోతోందే," అంది నా వంక చూసి, తప్పు చేసినట్టు నవ్వుతూ.

నేను గదిలోంచి వచ్చేసి, పెరట్లో ఆరేసిన బట్టలు అక్కర్లేకపోయినా మడత పెట్టాను. అంత పెద్ద చదువు చదువుకుని ఎవరూ లోపలికి రాలేని ఫోన్ చేసిపెట్టాను, కానీ ఆవిడ చెయ్యి అవతలికి వెళ్ళే దారి మాత్రం నా దగ్గర లేదు.

పండు నడిచింది కూడా ఆ రోజుల్లోనే. వీడియో కాల్లో మామ్మ కళ్ళెదుటే నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు వదిలేసి తప్పటడుగులు వేసిందట. నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి మామ్మ పాయసం చేసి పెట్టింది. పాయసం ఎందుకని నాన్నగారు అడిగితే, ఏకాదశి అంది. ఆ రోజు ఏకాదశి కాదు. నాన్నగారు సగం తిని గిన్నె పక్కన పెట్టేశారు.

ఆయన అప్పటికే సరిగా తినడం లేదు. ఆ మార్పు నేను కాస్త ఆలస్యంగా గమనించాను. ఎండ తిరగకుండానే చెరువుల మీంచి వచ్చేసేవారు. వాలుకుర్చీలో కూర్చుని, కళ్ళద్దాలు పంచెతో తుడుచుకుని, ఫోన్ తీసి బొటనవేలితో స్క్రీన్ని కిందికి లాగేవారు. కాసేపు చూసి మళ్ళీ లాగేవారు. లోపలికెళ్ళి ఛార్జింగులో ఉన్న పాత ఫోన్ కూడా తెచ్చి చూసేవారు. రొయ్యల రేటు పడిపోయిందేమో, ఆ బెంగేమో అనుకున్నాను. చెరువుల్లో గాలి కొట్టే ఏరేటర్లు ఆగిపోయాయా అని కూడా అడిగాను. బాగానే తిరుగుతున్నాయమ్మా అన్నారు.

మళ్ళీ ఒక ఆదివారం మధ్యాహ్నం నన్ను పిలిచారు. మామ్మ తన గదిలో తెర వేసుకుని ఉంది.

"సత్యమ్మా, ఇది ఒకసారి చూస్తావా? ఇందులో ఏదో ఆగిపోయింది."

"ఏమాగిందండీ?"

"ఫోటోలు రావట్లేదమ్మా."

"ఏ ఫోటోలండీ?"

ఆయన నా మొహం చూడలేదు. "అవే. వచ్చేవి," అని ఫోన్ నా చేతిలో పెట్టారు.

గ్యాలరీ తెరిచే ఉంది. పైన అరచేతిలో రొయ్యలు, నీళ్ళు చిమ్ముతున్న ఏరేటర్లు. వాటి కింద, నీలం స్టూలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ పండు. మామ్మ పాత ఫోన్ వదిలెయ్యక ముందు వచ్చిన ఆఖరి ఫోటో అది. ఇంకా కిందికి వెళ్ళాను. రొయ్యలు, పండు, రొయ్యలు, పండు. ఉయ్యాల్లో పండు, స్నానం చేయించాక సాంబ్రాణి పొగలో పండు, పుట్టిన రోజున కళ్ళు మూసుకుని గుప్పెళ్ళు బిగించిన పండు. మధ్యలో ఒక్కచోట అక్క ఉంది. నిద్రలేక కళ్ళ కింద నలుపు, రేగిన జుట్టు, భుజం మీద బిడ్డ. ఆ ఒక్క ఫోటో కింద ఎర్రటి గుండె గుర్తు వెలుగుతోంది. అది నొక్కడం ఆయన ఎక్కడ నేర్చుకున్నారో!

ముందు నాకు కోపమే వచ్చింది. మామ్మ భయపడుతూ చూసి, చూసినవన్నీ ఏడుస్తూ చెరుపుకుంటుంటే, ఈయన ఇదే హాల్లో వాలుకుర్చీలో కాళ్ళు చాపుకుని మొదట్నించీ అన్నీ చూస్తున్నారు. ఒక్క మాట అనలేదు. చిక్కుడుకాయల పళ్ళెం బోర్లించినప్పుడు కూడా అనలేదు. కడిగి పారేద్దామని తలెత్తాను.

"ఆ స్టూలు వదిలిందా అమ్మా?" అన్నారు నాన్నగారు. "నడిచిందా?"

ఆ గొంతు మా నాన్నగారిది కాదు. నేను అడగాలనుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలియదు. ఏడుపొచ్చేసింది. తల మాత్రం ఊపాను. ఆయన గోడ వైపు తిరిగి, నడిచిందన్నమాట, నడిచిందన్నమాట అని తనలో తనే అనుకున్నారు.

"ఇన్నాళ్ళూ ఘోషాలో కూర్చుంది నేననుకున్నాను," అని మామ్మ గొంతు వినపడింది తెర వెనక నుంచి. "వీడా!"

నాన్నగారు లేచారు. మామ్మ గది గుమ్మం దాకా వెళ్ళి, తెర ముందు నిలబడి, చిన్నగా దగ్గారు. లోపల తాడు కదిలి తెర పక్కకి జరిగింది. మామ్మ మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులతో ఫోన్ గుండెలకి హత్తుకుని ఉంది.

"ఒక్కసారి చూపించండమ్మా," అన్నారు నాన్నగారు.

"చూపించను."

"అమ్మా."

"నీ మీద కోపంతో కాదు అబ్బాయీ. ఇవి అది నాకు పంపింది. నీకు కాదు. నువ్వు ఇన్నాళ్ళూ దొంగచాటుగా చూశావు, అది తెలియక ఊరుకుంది. చూడాలనుంటే దాన్నడుగు. అది తెర తీస్తే చూడు."

"నా దగ్గర నంబరు లేదండి. తీసేశాను."

మామ్మ ఉన్న ఒక్క కంటితో ఆయన్నే చూస్తూ కూర్చుంది. నాన్నగారు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నా చేతిలోంచి తన ఫోన్ తీసుకుని, ఒక్కో అంకె నొక్కడం మొదలుపెట్టారు. ఎక్కడా ఆగలేదు, ఎవర్నీ అడగలేదు. అక్క ఇంటర్‌లో చేరినప్పుడు ఆయనే వెళ్ళి తెచ్చిచ్చిన నంబరు అది.

"మొహాలు కనపడేట్టు చెయ్యమ్మా," అని నాకిచ్చారు. వీడియో కాల్ కలిపి ఆయన చేతిలో పెట్టాను.

అవతల మోగుతోంది. ఎత్తేదాకా స్క్రీన్ మీద మన మొహమే మనకి కనపడుతుంది. నాన్నగారు అక్కడ తన నెరిసిన మీసాలూ, తడి కళ్ళూ చూసుకుని కంగారుపడి ఫోన్‌ని ఫ్యాను వైపు తిప్పేశారు.

"మొహం పెట్టు," అంది మామ్మ. "ఎవరొచ్చారో దానికి తెలియాలా వద్దా?"

ఫోన్ మళ్ళీ ఇటు తిప్పారు. అది మోగుతూనే ఉంది. ఎత్తదేమో అనుకున్నాను. నేనైతే ఎత్తనేమో అని కూడా అనుకున్నాను.

ఎత్తింది.

మొహం కనపడలేదు. గచ్చు నేల, చాప అంచు, నీలం స్టూలు కనపడ్డాయి. స్టూలు పక్కన పండు ఎవరినో చూసి నవ్వుతూ నిలబడి ఉంది. చేతులు రెండూ పైకెత్తి ఇటు నడిచింది, తూలింది, చతికిలబడింది. పక్కనుంచి గాజులున్న చెయ్యొకటి వచ్చి లేపి నిలబెట్టింది. పండు మళ్ళీ నడిచింది.

"చూడండి నాన్నగారూ," అంది అక్క గొంతు. "నడుస్తోంది."

"చూస్తున్నానమ్మా. చూస్తున్నాను కీర్తమ్మా."

ఆ పేరు మా ఇంట్లో మళ్ళీ వినపడింది. మామ్మ కళ్ళద్దాలు తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు కనపడవా తల్లీ?" అన్నారు నాన్నగారు.

అవతల ఫోన్ కాస్త కదిలింది. స్టూలు పక్కకి జరిగింది, గోడ కనపడింది, గోడకి ఆనుకున్న చీర కొంగు అంచు కనపడింది. అక్కడే ఆగిపోయింది. ఊపిరి చప్పుడు మాత్రం వినపడుతోంది. పండు ఏదో అంటోంది.

నేను మామ్మ పక్కన కూర్చున్నాను. నాన్నగారు ఇంకోసారి అడగలేదు. అక్క ఎప్పుడు తిప్పుతుందో, అసలు తిప్పుతుందో లేదో తెలియదు. ఈలోగా దానికి తను బాగా కనపడాలని, ఆయన ఫోన్ దగ్గరగా పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా తుడుచుకోకుండా, మొహం పక్కకి తిప్పకుండా అలాగే కూర్చున్నారు.